పాత జీప్‌కి వెనక యాక్సిల్ మార్చాలంటే: ఏది వేయాలి, ఎలా తేల్చుకోవాలి

"33 అంగుళాల టైర్లు వేశాను, లాకర్ కూడా పెడదామనుకుంటున్నాను, వెనక యాక్సిల్ మార్చాలా, మారిస్తే ఏది మంచిది?" అమెరికాలో పాత రాంగ్లర్ టీజేనో చెరోకీనో కొనుక్కుని ట్రైల్స్‌కి తిప్పుతున్న మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. (లాకర్ అంటే రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరిగేలా కట్టేసే భాగం.) ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను. ఇది 1997 నుంచి 2006 వరకు వచ్చిన టీజే రాంగ్లర్‌కీ, 2001 వరకు వచ్చిన చెరోకీ ఎక్స్‌జేకీ సరిపోతుంది. వేరే బండి అయితే కొలతలు మారతాయి గానీ ఆలోచించే వరస ఇదే.

ఒక మాట ముందే చెప్పేస్తాను. యాక్సిల్‌ని యాక్సిల్‌గా చూసి ఎంచుకోకండి. ముందు టైరు సైజు, తర్వాత లాకర్, తర్వాత గేర్ రేషియో (చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో ఆ అంకె), ఆ మూడూ తేలాక యాక్సిల్ దానంతటదే తేలిపోతుంది. చాలామంది ఈ వరసని తిరగేసి, చవగ్గా దొరికిందని ముందు యాక్సిల్ కొని తర్వాత తల పట్టుకుంటున్నారు.

హైదరాబాద్, వైజాగ్ నుంచి థార్ ఉన్నవాళ్లు కూడా అడుగుతున్నారు. మీ సంగతి వేరు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, కాబట్టి యాక్సిల్ మార్పిడి జోలికి వెళ్లకండి. కొత్త థార్‌లో కొన్ని వేరియంట్లకి వెనక మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ ఫ్యాక్టరీ నుంచే వస్తుంది, కొనేటప్పుడే అది ఉన్న వేరియంట్ తీసుకోవడం అన్నిటికంటే మంచి దారి.

కావలసినవి

యాక్సిల్ ఎంచుకోవడానికైతే టేపు, టార్చ్, వైర్ బ్రష్, జాకీ, ఒక కాగితం చాలు. పని కూడా మీరే చేసుకుంటే గట్టి జాకీ స్టాండ్లు నాలుగు, టార్క్ రెంచ్, కోణం కొలిచే యాంగిల్ ఫైండర్, బ్రేక్ పైపుల స్పానర్లు, మందపాటి ఇనుము అతికించగల 220 వోల్టుల వెల్డింగ్ మిషన్ కావాలి. గేర్లు మీరే సెట్ చేస్తానంటే డయల్ గేజ్, పళ్లకి పూసే మార్కింగ్ పేస్టు అదనం. కానీ మొదటిసారి అయితే గేర్ సెటప్ తెలిసిన షాపుకి ఇచ్చేయండి, మిగతాది మీరు చేసుకోండి. అక్కడ మిగిలే డబ్బు కంటే పోయేదే ఎక్కువ.

1. ఇప్పుడు కింద ఏముందో చూడండి

బండి వెనక పడుకుని, యాక్సిల్ మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్ (గేర్ల పెట్టె) కవర్ తుడవండి. కవర్ గుండ్రంగా, కోడిగుడ్డు ఆకారంలో ఉండి, ఆయిల్ పోసే చోట రబ్బరు బిరడా ఉంటే అది డానా 35. కవర్ అంచులు కోణాలు కోణాలుగా ఉండి, మరతో బిగించే ఇనప ప్లగ్ ఉంటే డానా 44. ఎక్స్‌జేలో కవర్ అడుగు భాగం చదునుగా ఉంటే అది క్రిస్లర్ 8.25.

డానా 35లో క్రౌన్ (లోపలి పెద్ద పళ్ల చక్రం) వ్యాసం సుమారు 7.6 అంగుళాలు, షాఫ్టుకి 27 స్ప్లైన్లు (చివరన ఉండే గాళ్లు). డానా 44లో క్రౌన్ 8.5 అంగుళాలు, 30 స్ప్లైన్లు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ షాఫ్టు మెలితిప్పుడిని తట్టుకునే శక్తి వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది, అందుకే 1.18 అంగుళాల షాఫ్టుకీ 1.31 అంగుళాల షాఫ్టుకీ అంత తేడా వస్తుంది. థియరీ ఇంతే, ఇక అవసరం లేదు.

డానా 35తో అసలు భయం ఇంకోటి ఉంది. టీజేలో వచ్చేదానికి షాఫ్టుని లోపలి చివర సి-క్లిప్ అనే చిన్న ముక్క ఒక్కటే పట్టుకుని ఉంటుంది. షాఫ్టు విరిగితే చక్రం, షాఫ్టు ముక్కతో సహా బయటికి జారి వచ్చేస్తుంది. ట్రైల్ మీద అయితే ఆ రోజు పాడవుతుంది, హైవే మీద అయితే ప్రాణాల మీదికి వస్తుంది. విరిగే వరకు చూద్దాంలే అనే మాట ఈ యాక్సిల్ విషయంలో నేను ఒప్పుకోను.

2. టైరు సైజు ఖాయం చేసుకోండి

ఇప్పుడున్న టైరు కాదు, ఇంకో రెండు మూడేళ్లలో మీరు వేయబోయే పెద్ద టైరు ఏదో నిజాయితీగా రాసుకోండి. ఇవాళ 33 వేసి దానికి తగ్గ యాక్సిల్ పెట్టి, వచ్చే ఏడాది 37 అంటే మొత్తం మళ్లీ మొదలు. యూటాలోని మోయబ్ రాళ్ల మీద నెమ్మదిగా పాకించే వాళ్లకీ, ఇసుకలో వేగంగా తోలేవాళ్లకీ, నెలకోసారి మట్టి రోడ్డు ఎక్కేవాళ్లకీ ఒకే యాక్సిల్ అక్కర్లేదు. లాకర్ పెడతారా లేదా అన్నది కూడా ఇక్కడే తేల్చుకోండి. లాకర్ ఉన్నప్పుడు ఒక చక్రం గాల్లో ఉంటే బలమంతా రెండో షాఫ్టు మీదే పడుతుంది, బలహీనమైన షాఫ్టు విరిగేది సరిగ్గా అప్పుడే.

3. గేర్ రేషియో లెక్క వేయండి

పాత రేషియోని కొత్త టైరు ఎత్తుతో గుణించి పాత టైరు ఎత్తుతో భాగించండి. ఉదాహరణకి 4.0 లీటర్ టీజేకి 3.07 రేషియో, 28 అంగుళాల టైర్లు ఉన్నాయి, 33కి వెళ్తున్నారు. 3.07 × 33 ÷ 28 చేస్తే 3.62 వస్తుంది. ఇది బండిని ఫ్యాక్టరీలో ఉన్న ఊపుకి తెచ్చే అంకె మాత్రమే. పెద్ద టైరు బరువు, గాలి తగలడం, లిఫ్ట్ (బండి ఎత్తు పెంచడం) అన్నీ కలుపుకుని ఇంకో మెట్టు పైకి వెళ్లాలి, అంటే 33కి మాన్యువల్ గేర్‌బాక్స్ అయితే 4.10 లేదా 4.56. 2003 నుంచి వచ్చిన నాలుగు గేర్ల ఆటోమేటిక్‌కి ఓవర్‌డ్రైవ్ బాగా పొడవు, దానికి 4.56 కంటే తక్కువ వద్దు. 35 టైరుకి 4.56 లేదా 4.88.

హెచ్చరిక: ముందు యాక్సిల్‌లోనూ అదే రేషియో ఉండాలి. 4.10కీ 4.11కీ ఫరవాలేదు. కానీ వెనక 3.73, ముందు 3.07 పెట్టుకుని ఫోర్ వీల్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక యాక్సిళ్లకి బలం పంచే పెట్టె) పోతుంది. ముందు గేర్లు మార్చేవరకు ఫోర్ వీల్ లివర్ ముట్టుకోకండి, బండి ఇంకెవరైనా తోలేలా ఉంటే లివర్‌కి చీటీ కట్టండి.

ఇంకో చిక్కు. ముందు యాక్సిల్ డానా 30లో 3.55 వరకు ఒక క్యారియర్ (క్రౌన్‌ని బిగించే భాగం), 3.73 నుంచి పైకి ఇంకో క్యారియర్. 3.07 బండికి 4.56 గేర్లు తెప్పిస్తే పాత క్యారియర్‌కి అవి పట్టవు. కొత్త క్యారియర్, లేదా సరైన సైజు లాకర్ ఆర్డరులోనే కలపండి. ఇది చూసుకోక గేర్లు వెనక్కి పంపినవాళ్లు చాలామంది.

4. ఇప్పుడు యాక్సిల్ ఎంచుకోండి

31 టైరు వరకు, లాకర్ లేకుండా: ఉన్న డానా 35 చాలు. బేరింగులు, సీళ్లు, ఆయిల్ మార్చుకుని తోలండి. అంతకు మించి డబ్బు అందులో ఖర్చు పెట్టొద్దు.

33 టైరు, లాకర్‌తో: చాలామందికి నా సమాధానం ఫోర్డ్ 8.8. ఎక్స్‌ప్లోరర్ కింద వచ్చిన యాక్సిల్ ఇది. 31 స్ప్లైన్ల షాఫ్టులు, జీప్‌కి ఉన్నట్టే ఐదు బోల్టులు 4.5 అంగుళాల వృత్తంలో, వెడల్పు టీజే యాక్సిల్‌కి ఒక అంగుళం లోపు తేడాలో, 1995 నుంచి వెనక డిస్క్ బ్రేకులతో. జంక్‌యార్డుల్లో దొరుకుతుంది, గేర్లు, లాకర్లు అన్నీ దొరుకుతాయి, పైగా డానా 30లో చెప్పిన క్యారియర్ గొడవ ఇందులో లేదు. ఇదీ సి-క్లిప్ యాక్సిలే, ఆ సంగతి మర్చిపోకండి, కానీ షాఫ్టు చాలా లావు.

వెల్డింగ్ అంటే ఇష్టం లేనివాళ్లకి టీజే డానా 44. ఉన్నదున్నట్టు బోల్టులతో ఎక్కుతుంది, సి-క్లిప్ లేదు. అందరికీ ఇదే కావాలి కాబట్టి వాడినదానికే ధర ఎక్కువ చెప్తారు. ఎక్స్‌జే వాళ్లయితే 1997 నుంచి వచ్చిన 29 స్ప్లైన్ల క్రిస్లర్ 8.25 వెతకండి. నేరుగా ఎక్కుతుంది, 33 వరకు బాగా నిలబడుతుంది. పాత బండ్లలోది 27 స్ప్లైన్లు, దాని జోలికి వద్దు.

35 టైరు: అదే 8.8, కానీ ట్యూబులు వెల్డ్ చేయించి, క్రోమోలీ (గట్టి మిశ్రమ ఉక్కు) షాఫ్టులు వేసి. డానా 44కి కూడా క్రోమోలీ షాఫ్టులు వేసుకోవచ్చు.

37, అంతకంటే పైన: డానా 60, లేదా జీఎం 14 బోల్ట్. ఇవి ముప్పావు టన్ను, టన్ను ట్రక్కుల యాక్సిళ్లు. ట్రక్కుల నుంచి వచ్చేవి ఎక్కువగా ఫుల్ ఫ్లోటింగ్, అంటే బండి బరువు హబ్ మీద ఉంటుంది, షాఫ్టు తిప్పడానికి మాత్రమే. విరిగినా చక్రం ఊడిరాదు. 14 బోల్ట్‌లో క్రౌన్ 10.5 అంగుళాలు, దాన్ని విరగ్గొట్టడం కష్టం. కానీ బరువు 500 పౌండ్లకి అటూఇటూ, చక్రానికి ఎనిమిది బోల్టులు, కాబట్టి నాలుగు చక్రాలూ ముందు యాక్సిల్‌తో సహా మారాలి. హౌసింగ్ కిందికి వేలాడుతుంది, చిన్న టైరుతో వేస్తే ప్రతి రాయికీ తగులుతుంది. 33 టైరు టీజే కింద 14 బోల్ట్ పెట్టడం శుద్ధ దండగ. బలం పెరిగిందనుకుంటారు, నిజానికి నేలకీ బండికీ మధ్య ఎత్తు పోగొట్టుకుంటారు.

వదిలేయవలసినవి రెండు. పాత గ్రాండ్ చెరోకీ జెడ్‌జేలో వచ్చే అల్యూమినియం డానా 44కి పేరు అదే గానీ బలం, విడిభాగాలు అవి కావు. రెండోది, డానా 35లోనే ఖరీదైన గేర్లు, లాకర్ పోసేయడం. 30 స్ప్లైన్ల సూపర్ 35 కిట్లు ఉన్నాయి, 33 టైరుకి కొందరు సంతోషంగానే వాడుతున్నారు, వెల్డింగ్ లేకుండా అయిపోతుంది. కానీ క్రౌన్, ట్యూబులు అవే చిన్నవి, ఆ డబ్బుకి నేనైతే 8.8 వైపే వెళ్తాను.

5. మొత్తం ఖర్చు కాగితం మీద పెట్టండి

జంక్‌యార్డులో యాక్సిల్‌కి ఇచ్చేది మొత్తం ఖర్చులో చిన్న భాగం. ముందు వెనక గేర్లు, బేరింగ్ కిట్లు, లాకర్, బ్రాకెట్ల కిట్, వెల్డింగ్, బ్రేక్ పైపులు, హ్యాండ్ బ్రేక్ కేబుళ్లు, కొత్త రోటర్లు, ప్యాడ్లు, యూ జాయింట్, అవసరమైతే ప్రొపెల్లర్ షాఫ్ట్. ఇవన్నీ రాసి కూడాక చేతిలో డబ్బు ఉంటేనే బండి జాకీ ఎక్కించండి. లేకపోతే సగం పనిలో నెలల తరబడి గ్యారేజీలో ఉండిపోతుంది.

6. జంక్‌యార్డులో చూడవలసినవి

ఎక్స్‌ప్లోరర్ 1995 నుంచి 2001 వరకు మాత్రమే. 2002 నుంచి నాలుగు డోర్ల ఎక్స్‌ప్లోరర్‌కి వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ వచ్చింది, అది మీకు పనికిరాదు.

కవర్ బోల్టుకి చిన్న రేకు ముక్క వేలాడుతూ ఉంటుంది. దాన్ని గీకి చూడండి. 3 73 అని ఉంటే మామూలు డిఫరెన్షియల్, మధ్యలో ఎల్ అక్షరం ఉండి 3ఎల్73 అంటే లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం జారితే కొంత బలం రెండోదానికి పంపేది). రేకు లేకపోతే రెండు చక్రాలూ పైకి లేపి ఒకటి తిప్పండి. రెండోది ఎదురు దిక్కుకి తిరిగితే మామూలుది, అదే దిక్కుకి తిరిగితే లిమిటెడ్ స్లిప్, అరిగిపోకుండా ఉంటే. రేషియో లెక్కకి రెండు చక్రాలూ ఒకేసారి ఒక్క చుట్టు తిప్పి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో చూడండి, మూడు ముప్పావుకి కాస్త తక్కువైతే 3.73.

కవర్ తీయనిస్తే తప్పకుండా తీయండి. ఆయిల్‌లో వేలు ముంచి రుద్దితే నల్లటి బూడిద లాంటి పొడి రావడం మామూలే. గుచ్చుకునే ముక్కలు తగిలితే వదిలేయండి. క్రౌన్ పళ్ల మీద నీలిరంగు కనిపిస్తే ఆయిల్ లేకుండా కాలిందని అర్థం.

ఎక్కువమంది చూడనిది షాఫ్టు. 8.8లో బయటి బేరింగ్ రోలర్లు నేరుగా షాఫ్టు మీదే తిరుగుతాయి, మధ్యలో వేరే రింగ్ ఉండదు. షాఫ్టు బయటికి లాగి, బేరింగ్ కూర్చునే ఆ రెండంగుళాల చోటు గుడ్డతో తుడిచి, గోటితో అడ్డంగా గీయండి. అద్దంలా నున్నగా జారితే మంచిది. గోరు ఎక్కడైనా ఆగితే గాడి పడింది, కొత్త బేరింగ్ వేసినా కారడం, మోత తప్పవు. అలాంటప్పుడు షాఫ్టులు కూడా ఖర్చులో కలపండి.

హ్యాండ్ బ్రేక్ కేబుళ్లు, కాలిపర్లు, ప్రొపెల్లర్ షాఫ్ట్ బిగించే ఫ్లాంజ్, దాని బోల్టులు వదలకుండా తెచ్చుకోండి. విడిగా కొంటే అవే తడిసి మోపెడవుతాయి.

7. హౌసింగ్ తయారీ

8.8లో ట్యూబులు మధ్యలో ఉన్న పోత హౌసింగ్‌లోకి దూర్చి చిన్న ప్లగ్ వెల్డ్‌లతో ఆపి ఉంటాయి. పెద్ద టైరు, లాకర్‌తో బలంగా లాగితే ట్యూబు హౌసింగ్‌లో తిరిగిపోతుంది, దానితో పాటు బ్రాకెట్లూ తిరుగుతాయి. అందుకే చుట్టూ వెల్డ్ చేయాలి. పోత ఇనుముని ముందు బాగా వేడి చేసి, సరైన రాడ్‌తో కొంచెం కొంచెం, ఒక పక్క తర్వాత ఎదురు పక్క వేసుకుంటూ పోవాలి, అయ్యాక దుప్పటి లాంటిది కప్పి నెమ్మదిగా చల్లారనివ్వాలి. నీళ్లు పోస్తే పగులుతుంది. ఒకేసారి గుండ్రంగా తిప్పేస్తే ట్యూబు వంగుతుంది.

టీజేకి స్ప్రింగ్ సీట్లు, కంట్రోల్ ఆర్మ్ బ్రాకెట్లు, ట్రాక్ బార్ బ్రాకెట్ కొత్తవి పెట్టాలి, కిట్లు దొరుకుతాయి. ఎక్స్‌జేకి కమాన్ పట్టీల సీట్లు రెండు. ఏదైనా సరే ముందు చుక్కలు మాత్రమే పెట్టండి. పూర్తి వెల్డ్ తర్వాతి మెట్టులో.

8. కోణం చూసుకుని బిగించండి

యాక్సిల్‌ని కింద పెట్టి, బండి పూర్తి బరువు చక్రాల మీద ఉన్నప్పుడు పినియన్ (క్రౌన్‌ని తిప్పే చిన్న గేరు) కోణం కొలవాలి. బండి గాల్లో వేలాడుతుండగా కొలిచిన కోణం ఎందుకూ పనికిరాదు. ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి రెండు చివర్లా ఒక్కో యూ జాయింట్ ఉంటే ట్రాన్స్‌ఫర్ కేస్ అవుట్‌పుట్, పినియన్ రెండూ సమాంతరంగా ఉండాలి. లిఫ్ట్ ఎక్కువై ట్రాన్స్‌ఫర్ కేస్ దగ్గరి స్లిప్ యోక్ (జారే జోడింపు) తీసేసి డబుల్ కార్డన్ షాఫ్ట్ (ఒక చివర జంట యూ జాయింట్ ఉండేది) వేసి ఉంటే పినియన్ ముక్కు నేరుగా ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు చూడాలి, ఒకటి రెండు డిగ్రీలు తక్కువగా, ఎందుకంటే లాగేటప్పుడు అది పైకి లేస్తుంది. సరిపోయాక యాక్సిల్ దించి, షాఫ్టులు, సీళ్లు తీసి, అప్పుడు పూర్తి వెల్డ్.

ఎక్స్‌ప్లోరర్ ఫ్లాంజ్ 1330 సైజు, జీప్ యూ జాయింట్ 1310. రెండు సైజులూ కలిసిన కన్వర్షన్ జాయింట్ వేసుకోవచ్చు, లేదా పినియన్‌కి 1310 పట్టే ఫ్లాంజ్, యోక్ వేసుకోవచ్చు. రెండూ బానే పనిచేస్తాయి, ట్రైల్‌లో స్పేర్ దొరకడం సులువని నేను రెండోది చెప్తాను.

బుష్ బోల్టులన్నీ బండి బరువు కిందికి దిగాకే చివరి బిగింపు. పైన ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి తొందరగా చినిగిపోతుంది.

9. బ్రేకులు

డ్రమ్ నుంచి డిస్క్‌కి వెళ్తున్నారు కాబట్టి వెనకకి వెళ్లే ఒత్తిడి మారుతుంది, బ్రేకుల నిష్పత్తి చూసే వాల్వ్ డిస్క్‌కి తగ్గది కావాలా అన్నది తెలిసినవాళ్లతో చూపించుకోండి. రబ్బరు పైపు పొడవు యాక్సిల్ పూర్తిగా కిందికి వేలాడినప్పుడు కూడా సాగకుండా ఉండాలి, ఇది స్టాండ్ల మీద ఉండగానే చూసేయొచ్చు. గాలి తీశాక ఖాళీ స్థలంలో నడిచేంత వేగంతో మొదలుపెట్టి పరీక్షించండి. తడి మట్టి మీద గట్టిగా తొక్కితే వెనక చక్రాలు ముందుగా పట్టేస్తే రోడ్డెక్కొద్దు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

టైరు సైజు తేలకముందే గేర్లు కొనడం. లిమిటెడ్ స్లిప్‌లో ఆయిల్‌తో పాటు కలిపే ఫ్రిక్షన్ మాడిఫయర్ పోయకపోవడం, మలుపుల్లో గరగరమంటుంటే యాక్సిల్ పాడైందనుకోవడం. పాత పినియన్ క్రష్ స్లీవ్‌నే (బిగించినప్పుడు నలిగి బేరింగ్ బిగువు కుదిర్చే గొట్టం) మళ్లీ వాడటం. ఆయిల్ గాలి పోయే బ్రీదర్ పైపు బిగించడం మరిచిపోవడం, దానివల్ల వాగు దాటేటప్పుడు నీళ్లు లోపలికి పోతాయి. స్పీడోమీటర్ సంగతి వదిలేయడం కూడా తరచూ చూస్తాను. టీజేలో అది ట్రాన్స్‌ఫర్ కేస్ దగ్గరున్న చిన్న ప్లాస్టిక్ గేర్ మీద ఆధారపడి తిరుగుతుంది, టైరు, రేషియో మారాక పళ్ల లెక్క ప్రకారం మార్చుకోకపోతే చూపించే వేగం తప్పు.

పని సరిగ్గా అయిందో లేదో ఇలా చూడండి

మొదటిసారి 15, 20 మైళ్లు మెల్లగా తోలి ఆపండి. ఆపిన వెంటనే హౌసింగ్ మీద చెయ్యి పెట్టండి, వెచ్చగా ఉండటం సహజం, చెయ్యి నిలపలేనంత వేడి అయితే పినియన్ బేరింగ్ బిగువు ఎక్కువైంది. రెండు హబ్‌లూ ఒకేలా వెచ్చబడాలి, ఒకటే కాలుతుంటే ఆ వైపు బ్రేకు పట్టేస్తోంది. ఇవి చూశాక పూర్తిగా చల్లారనివ్వండి.

తోలేటప్పుడు శబ్దం ఎప్పుడు వస్తుందో గమనించండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే ఈల వేసినట్టు వచ్చి, వదిలితే ఆగితే గేర్ పళ్ల అమరిక చూపించండి. తొక్కినా వదిలినా అదే హోరు ఉంటే బేరింగ్. 45, 50 మైళ్ల వేగంలో వణుకు మొదలై వేగంతో మారుతుంటే పినియన్ కోణం లేదా ప్రొపెల్లర్ షాఫ్ట్, గేర్లని అనుమానించకండి. వెనక్కి గేరు వేసినప్పుడు ఒక్కసారి టక్కుమంటే యూ జాయింట్, కంట్రోల్ ఆర్మ్ బోల్టులు మొదట చూడండి.

50 మైళ్ల తర్వాత చక్రాల నట్లు, బ్రాకెట్ బోల్టులు మళ్లీ టార్క్ రెంచ్‌తో చూడండి. కొత్త గేర్లు వేసి ఉంటే 500 మైళ్ల వరకు బరువులు లాగొద్దు, రాళ్ల మీదికి ఎక్కించొద్దు. అప్పుడు ఆయిల్ మార్చండి. అయస్కాంతానికి మెత్తటి బురద అంటుకుని ఉంటే అంతా సరిగ్గా ఉంది, కొత్త ఆయిల్ పోసి ట్రైల్‌కి వెళ్లొచ్చు. అందులో మెరిసే పలుకు ఒక్కటి కనిపించినా కవర్ తీసి పళ్లన్నీ చూశాకే మళ్లీ బండి కదపండి.